డబ్బు కట్టి ప్రెస్ రిలీజ్ వేయిస్తున్నారా? మీరు కొనేది ఏంటో ముందు తెలుసుకోండి

"మీ కంపెనీ వార్త 250 వెబ్‌సైట్లలో.. గూగుల్ న్యూస్‌లో గ్యారంటీ.. 24 గంటల్లో లైవ్!"

చిన్నదో పెద్దదో ఒక వ్యాపారం నడుపుతున్నవాళ్ల వాట్సాప్‌కు ఇలాంటి మెసేజ్ ఏదో ఒక రోజు వచ్చే ఉంటుంది. ఉదాహరణకు ఇలా ఊహించుకోండి. కూకట్‌పల్లిలో చిరుధాన్యాల మిక్స్‌లు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉంది. కొత్త ఉత్పత్తి తెచ్చారు. నలుగురికీ తెలియాలి కదా అని ఆ ప్యాకేజీ తీసుకున్నారు. మర్నాడు లింకులతో నిండిన ఎక్సెల్ షీట్ వచ్చింది. పేరున్న న్యూస్ సైట్లు కూడా అందులో ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు, బంధువులకు ఫార్వర్డ్ చేసుకున్నారు. నెల గడిచింది. ఒక్క డీలర్ ఫోన్ చేయలేదు, ఒక్క విలేకరి పలకరించలేదు.

ఇందులో మోసం జరిగిందా అంటే, చాలాసార్లు జరగదు. అవతలివాళ్లు చెప్పినట్టే 250 చోట్ల పెట్టారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, డబ్బు కట్టినవాళ్లు 'వార్త' కొన్నామనుకున్నారు. నిజానికి కొన్నది 'పంపిణీ' మాత్రమే. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం తెలిస్తే డబ్బు మిగులుతుంది, పని కూడా జరుగుతుంది.

అసలు ప్రెస్ రిలీజ్ అంటే ఏంటి?

మన దగ్గర దీన్నే పత్రికా ప్రకటన, ప్రెస్ నోట్ అంటారు. ఒక సంస్థ తన గురించి తానే రాసి, వార్తగా వాడుకోండి అని మీడియాకు ఇచ్చే సమాచారం ఇది. వేయాలా వద్దా, ఎంత వేయాలి, ఏ హెడ్డింగ్ పెట్టాలి అనేది డెస్క్ ఇష్టం. అడ్వర్టైజ్‌మెంట్‌లో అయితే డబ్బు కట్టి స్థలం కొంటారు. మీరు రాసిందే వస్తుంది, కానీ అది ప్రకటన అని పాఠకుడికి తెలుస్తుంది.

మొదటి ఆధునిక ప్రెస్ రిలీజ్‌గా ఎక్కువమంది చెప్పేది 1906 నాటిది. ఆ ఏడాది అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. రైల్వే కంపెనీలు ప్రమాదాలను దాచిపెట్టే రోజులవి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీకి ప్రచార సలహాదారుగా ఉన్న ఐవీ లీ మాత్రం జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకు ఇచ్చారు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని దాదాపు ఉన్నది ఉన్నట్టు అచ్చేసింది. అందులో గొప్పలు లేవు, విలేకరికి అవసరమైన సమాచారం ఉంది. నూరేళ్లు దాటినా ప్రెస్ రిలీజ్ పనిచేసే సూత్రం అదే.

ఆన్‌లైన్‌లో ఎలా పంపిణీ అవుతుంది?

ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది, సొంత వెబ్‌సైట్. 'న్యూస్' లేదా 'మీడియా' పేరుతో ఒక పేజీ పెట్టి ప్రకటనలన్నీ తేదీలవారీగా అక్కడ ఉంచడం. దీనికి అదనపు ఖర్చు ఉండదు. మీ గురించి వెతికే విలేకరికి, బ్యాంకు అధికారికి, డీలర్‌కు నమ్మకమైన మూలం ఇదే.

రెండోది, నేరుగా పంపడం. మీ రంగం గురించి రాసే విలేకరులకు, డెస్క్‌లకు ఈమెయిల్, వాట్సాప్ ద్వారా పంపడం. దీనికీ డబ్బు అక్కర్లేదు. కాకపోతే ఎవరికి పంపాలో తెలుసుకునే ఓపిక కావాలి.

మూడోది, డబ్బు తీసుకుని పంపిణీ చేసే వైర్ సర్వీసు. ఈ వ్యాపారం ఇంటర్నెట్ కంటే పాతది. పీఆర్ న్యూస్‌వైర్ 1954లో న్యూయార్క్‌లో మొదలైంది. బిజినెస్ వైర్ 1961లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. దాన్ని 2006లో వారెన్ బఫెట్‌కు చెందిన బర్క్‌షైర్ హాథవే కొనుక్కుంది. అప్పట్లో టెలిప్రింటర్ల ద్వారా నేరుగా న్యూస్‌రూమ్‌లకు ప్రకటనలు చేరవేసేవారు. ఇప్పుడు ఆ పని సర్వర్లు చేస్తున్నాయి. మీరు టెక్స్ట్, ఫొటో అప్‌లోడ్ చేస్తారు. వాళ్ల సిబ్బంది చూసి విడుదల చేస్తారు. ఒప్పందం ఉన్న వెబ్‌సైట్లకు ఫీడ్ రూపంలో అది వెళ్లిపోతుంది. అక్కడి విలేకరి ఎవరూ చదవకుండానే, మనిషి చేయి పడకుండానే ఆ సైట్‌లో ఒక పేజీ తయారవుతుంది.

మన దేశంలోనూ ఇలాంటి సర్వీసులు ఉన్నాయి. పీటీఐ, ఏఎన్ఐ లాంటి వార్తా సంస్థలు కూడా కంపెనీల ప్రకటనలను తీసుకుంటాయి. కానీ తమ విలేకరులు రాసిన వార్తలతో కలపకుండా, ఇది ఫలానా సంస్థ ఇచ్చిన ప్రెస్ రిలీజ్ అనీ, అందులోని విషయాలకు బాధ్యత తమది కాదనీ గమనిక పెట్టి విడుదల చేస్తాయి.

'250 సైట్లలో వచ్చింది' అంటే నిజంగా ఏంటి?

ఒకే టెక్స్ట్ 250 చోట్ల కాపీ అయిందని అర్థం. 250 మంది విలేకరులు రాశారని కాదు. ఆ లింకులు తెరిచి చూస్తే కొన్ని విషయాలు కనిపిస్తాయి.

- పేజీ పైనో కిందో 'ప్రెస్ రిలీజ్', 'బ్రాండ్ పోస్ట్', 'స్పాన్సర్డ్', 'పార్ట్‌నర్ కంటెంట్' లాంటి మాట ఉంటుంది.
- చాలాసార్లు ఆ సైట్ హోమ్ పేజీ నుంచి గానీ, బిజినెస్ పేజీ నుంచి గానీ దానికి దారి ఉండదు. లింకు చేతిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.
- జాబితాలో సగం పేర్లు మీరు ఎప్పుడూ వినని సైట్లవి. కొన్నింట్లో ప్రెస్ రిలీజ్‌లు తప్ప వేరే ఏమీ ఉండవు.
- 'పొటెన్షియల్ రీచ్ 5 కోట్లు' అని రిపోర్టులో రాస్తే, అది మీ పేజీ చూసినవాళ్ల సంఖ్య కాదు. ఆ సైట్లన్నింటికీ నెల మొత్తంలో వచ్చే సందర్శకులను కూడి వేసిన లెక్క.

బస్టాండులో 250 గోడలకు పోస్టరు అంటించినట్టే అనుకుందాం. ఆ గోడల్లో చాలావరకు ఎవరూ తిరగని సందుల్లో ఉన్నాయి. పోస్టర్లు అంటించిన మాట నిజమే. చూసినవాళ్లు ఎంతమంది అన్నదే ప్రశ్న.

ఇంకో విషయం భాష. ఇలాంటి నెట్‌వర్క్‌లలో ఎక్కువ సైట్లు ఇంగ్లిష్‌వి. మీ కస్టమర్లు హనుమకొండలో, ఏలూరులో ఉండి ఫోన్‌లో తెలుగు వార్తలు చదివేవాళ్లయితే, అమెరికాలోని ఏదో సైట్‌లో మీ పేరు కనిపించినందువల్ల కొట్టుకు ఒక్కరూ అదనంగా రారు.

గూగుల్‌లో ర్యాంకు పెరుగుతుందా?

ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇది. పది, పదిహేనేళ్ల కిందట కొంత నిజం ఉండేది. ప్రెస్ రిలీజ్‌లో తమ సైట్‌కు లింకులు కుక్కి వందల చోట్ల వేయిస్తే ర్యాంకు పెరిగేది. దాంతో గూగుల్ నిబంధనలు బిగించింది.

2013లో తన మార్గదర్శకాలను మార్చి, ర్యాంకు కోసం కీలక పదాలకు లింకులు పెట్టి ప్రెస్ రిలీజ్‌లను ఇతర సైట్లలో పంచడాన్ని అసహజ లింకుల జాబితాలో చేర్చింది. 2019లో డబ్బు తీసుకుని పెట్టిన లింకులను 'స్పాన్సర్డ్' అని కోడ్‌లోనే గుర్తించే పద్ధతి తెచ్చింది. అలా గుర్తించిన లింకు ద్వారా మీ సైట్‌కు ర్యాంకు బలం చేరుతుందని ఆశపెట్టుకోలేం. 2024లో ఇంకో అడుగు వేసి, పేరున్న సైట్ పలుకుబడిని వాడుకుని ర్యాంకు కోసం బయటివాళ్ల కంటెంట్ పెట్టడాన్ని స్పామ్ విధానంలో చేర్చింది.

ఒకే టెక్స్ట్ అనేక చోట్ల ఉంటే గూగుల్ సాధారణంగా అందులో ఒకదాన్నే ముందుకు తెచ్చి మిగతావి పక్కన పెడుతుంది. అందుకే మీ ప్రకటనను ముందు మీ సొంత సైట్‌లో పెట్టాలి. ఇక 'గూగుల్ న్యూస్‌లో గ్యారంటీ' అన్న మాట. గూగుల్ న్యూస్‌లో ఏది చూపాలో గూగుల్ సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. అక్కడి స్థానాన్ని గూగుల్ అమ్మదు, మధ్యవర్తులెవరూ అమ్మలేరు.

అయితే ఒక ప్రయోజనం నిజంగా ఉంటుంది. మీ కంపెనీ పేరుతో ఎవరైనా వెతికినప్పుడు ఖాళీగా కాకుండా నాలుగు ఫలితాలు కనిపిస్తాయి. కొత్త డీలర్, ఉద్యోగానికి వచ్చే అభ్యర్థి, పెట్టుబడిదారు అలా వెతుకుతారు. ఆ కాస్త దానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో మీరే తూకం వేసుకోవాలి.

డబ్బు పెట్టడం ఎప్పుడు సబబు?

వైర్ సర్వీసులు దండగ అని కాదు. కొందరికి అవి అవసరమే.

- విదేశీ కొనుగోలుదారులు ఉన్న ఫార్మా, ఐటీ, ఎగుమతి కంపెనీలు. ఒకే సమయంలో పలు దేశాల మీడియాకు, ఇన్వెస్టర్లు చూసే టెర్మినళ్లకు సమాచారం చేరాలి.
- పెద్ద పెట్టుబడి, విలీనం, ఉత్పత్తిని మార్కెట్ నుంచి వెనక్కి పిలవడం లాంటి సందర్భాలు. ఏ తేదీన, ఏ సమయానికి చెప్పారన్న రికార్డు ఉండాలి.
- ఒకేసారి పది రాష్ట్రాల్లో విడుదలయ్యే ఉత్పత్తి. అన్ని భాషల డెస్క్‌లకు మీరే పంపడం కుదరదు.

రేట్లు కొన్ని వేల నుంచి లక్ష దాటి ఉంటాయి. అంతర్జాతీయ సర్వీసులు ప్రాంతాన్ని బట్టి, పదాల సంఖ్యను బట్టి వసూలు చేస్తాయి. 400 పదాల వరకు ఒక రేటు, ఆపై ప్రతి 100 పదాలకు అదనం అన్నది అమెరికన్ వైర్లలో మామూలు పద్ధతి. ఫొటోకు, వీడియోకు వేరే. మన దగ్గర బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కోసం సరైన ఇన్వాయిస్ తీసుకోండి. ఒక ఊళ్లో ఒక షాపు, ఒక క్లినిక్, ఒక కోచింగ్ సెంటర్ నడిపేవాళ్లకు మాత్రం మొదటి రెండు దారులు, ఉచితంగా దొరికే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ చాలావరకు సరిపోతాయి.

డెస్క్ వాడుకునేలా రాయడం ఎలా?

న్యూస్ డెస్క్‌కు రోజూ వచ్చే ప్రెస్ నోట్లు లెక్కలేనన్ని. మొదటి రెండు లైన్లలో వార్త కనిపించకపోతే మూడో లైను చదవరు. కింది రెండు పేరాలు చూడండి. రెండూ కల్పితమే.

ఒకటి: "చిరుధాన్యాల రంగంలో విప్లవాత్మక మార్పులకు శ్రీకారం చుడుతూ, నాణ్యతకు మారుపేరుగా నిలిచిన ఫలానా ఫుడ్స్ అశేష వినియోగదారుల మన్ననలు పొందుతూ దూసుకుపోతోంది."

రెండు: "ఒంగోలు, జూన్ 12: చిరుధాన్యాల అల్పాహార మిక్స్‌లు తయారుచేసే ఫలానా ఫుడ్స్ ఒంగోలులో రోజుకు 2 టన్నుల సామర్థ్యంతో కొత్త యూనిట్ ప్రారంభించింది. ఇందులో 40 మంది పనిచేస్తారు. వారిలో 28 మంది మహిళలు. కొర్రలు, జొన్నలను ప్రకాశం జిల్లా రైతుల నుంచే కొంటున్నట్లు సంస్థ తెలిపింది."

మొదటిది ఏ కంపెనీకైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ పనికిరాదు. రెండోదాంట్లో ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నీ ఉన్నాయి. ప్రకాశం జిల్లా డెస్క్‌లో ఉన్న సబ్ ఎడిటర్ దాన్ని రెండు నిమిషాల్లో వార్త చేయగలడు.

గుర్తుంచుకోవాల్సినవి:

- ఊరు, తేదీతో మొదలుపెట్టండి. మొత్తం ఒక పేజీ, అంటే 300 నుంచి 400 పదాలు దాటొద్దు.
- 'నంబర్ వన్', 'దేశంలోనే తొలిసారి' అంటే రుజువు కూడా పంపండి. లేదంటే ఆ మాట తీసేయండి.
- యజమాని మాటలు రెండు వాక్యాలు చాలు. అవి కూడా మనిషి మాట్లాడినట్టు ఉండాలి.
- చివర సంస్థ గురించి మూడు నాలుగు వాక్యాలు, ఫోన్ ఎత్తే మనిషి పేరు, నంబరు ఇవ్వండి. విలేకరి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తకపోవడం వల్ల ఆగిపోయే వార్తలు ఎన్నో.

తెలుగు మీడియాకు పంపేటప్పుడు

ఇక్కడ చాలామంది చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది ఫాంటు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైప్ చేయించిన ప్రెస్ నోట్‌ను ఈమెయిల్‌లో కాపీ చేస్తే అవతల అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. వెబ్‌సైట్లకు యూనికోడ్ కావాలి. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైప్ చేసేది యూనికోడే. అదే పంపండి.

రెండోది ఫార్మాట్. నోట్‌ను ఫొటో తీసి, లేదా స్కాన్ చేసి పీడీఎఫ్‌గా మాత్రమే పంపితే డెస్క్‌లో ఎవరో మళ్లీ టైప్ చేయాలి. ఆ ఓపిక ఎవరికీ ఉండదు. టెక్స్ట్‌ను మెయిల్ బాడీలోనే పెట్టండి.

మూడోది ఫొటో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి లేదా మెయిల్‌కు జతచేయండి. 'ఎడమ నుంచి' అంటూ పేర్లు, హోదాలు రాయండి. పైన లోగోలు, శుభాకాంక్షలు అతికించిన పోస్టరు ఫొటో కింద లెక్కకు రాదు.

నాలుగోది, ఎవరికి పంపాలన్నది. మండల స్థాయి వార్త అయితే స్థానిక విలేకరి, జిల్లా స్థాయి అయితే జిల్లా డెస్క్, పెట్టుబడులు, ఉత్పత్తుల వార్త అయితే బిజినెస్ డెస్క్. అందరినీ ఒకే మెయిల్‌లో కనిపించేలా పెట్టి పంపొద్దు. సాయంత్రం పొద్దుపోయాక పంపితే మర్నాటి పేజీకి అందడం కష్టం. మధ్యాహ్నంలోపు పంపితే మేలు. ఒకసారి ఫోన్ చేసి అందిందా అని అడగొచ్చు. ఎందుకు వేయలేదని నిలదీస్తే మాత్రం తర్వాతి నోట్‌కూ దారి మూసుకున్నట్టే.

చట్టం ఏం చెబుతోంది?

'ఇది యాడ్ కాదు, ప్రెస్ రిలీజే కదా' అని ఏదైనా రాసేయొచ్చు అనుకోవడం ప్రమాదం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 'ప్రకటన' నిర్వచనం విశాలంగా ఉంది. ఇంటర్నెట్, వెబ్‌సైట్, నోటీసు, సర్క్యులర్ అన్నీ అందులోకి వస్తాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రూ.10 లక్షల వరకు జరిమానా వేయగలదు. మళ్లీ చేస్తే అది రూ.50 లక్షల వరకు వెళ్లొచ్చు.

ఆరోగ్య రంగంలో ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం షుగర్, క్యాన్సర్, బీపీ లాంటి జబ్బులను తమ మందు నయం చేస్తుందని ప్రచారం చేయకూడదు. 'షుగర్‌కు శాశ్వత పరిష్కారం' అని ఒక్క హెడ్డింగ్ పెట్టినా చిక్కే.

రియల్ ఎస్టేట్‌లో రెరా చట్టం 2016 వర్తిస్తుంది. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రచారం చేయకూడదు. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఏ రూపంలోని ప్రచారమైనా చట్టం దృష్టిలో ప్రకటనే. రిజిస్టర్ చేయకుండా ప్రచారం చేస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు జరిమానా పడొచ్చు. 'ప్రీలాంచ్ ఆఫర్' అంటూ ప్రెస్ నోట్ పంపే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలకు సెబీ నిబంధనలు ఉన్నాయి. ముఖ్యమైన సమాచారాన్ని ముందుగా స్టాక్ ఎక్స్‌చేంజీకి చెప్పాలి. ఆ తర్వాతే ప్రెస్ రిలీజ్.

చివరిగా పెయిడ్ న్యూస్. డబ్బు తీసుకున్న కథనాన్ని మామూలు వార్తలా చూపించకూడదని, ప్రకటన అని స్పష్టంగా తెలియాలని ప్రెస్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. 2009 ఎన్నికల సమయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా పలుచోట్ల వచ్చిన ఫిర్యాదుల తర్వాత దీనిపై ప్రెస్ కౌన్సిల్ 2010లో ప్రత్యేకంగా నివేదిక తయారుచేయించింది. 'స్పాన్సర్డ్ అని లేకుండా వేయిస్తాం, కాస్త ఎక్కువ అవుతుంది' అని ఎవరైనా అంటే, అది సౌకర్యం కాదు, తప్పులో మీకూ వాటా ఇవ్వడం.

ఏజెన్సీని ఈ ప్రశ్నలు అడగండి

1. ఏయే సైట్లలో వస్తుంది? ముందే జాబితా ఇస్తారా? పోయిన నెల వేసిన మూడు లింకులు చూపిస్తారా?
2. పేజీ మీద ఏ లేబుల్ ఉంటుంది? ఎన్నాళ్లు ఉంటుంది? కొన్ని సైట్లు కొంతకాలానికి తీసేస్తాయి.
3. తెలుగు సైట్లు ఎన్ని? అనువాదం ఎవరు చేస్తారు? మెషీన్ అనువాదాన్ని అలాగే వేస్తే నవ్వులపాలయ్యేది మీరు.
4. తప్పు దొర్లితే సరిదిద్దుతారా? ఫీడ్ ద్వారా వెళ్లిపోయిన దాన్ని అన్ని చోట్లా మార్చడం చాలా కష్టం. ఫోన్ నంబరు, ధర, పేర్లు పంపే ముందే ఇద్దరు చూడాలి.
5. మేం ఎవరమో ఎలా నిర్ధారించుకుంటారు?

ఐదో ప్రశ్నకు ఒక కథ ఉంది. 2000 ఆగస్టు 25న అమెరికాలో ఎమ్యులెక్స్ అనే కంపెనీ పేరుతో ఒక దొంగ ప్రెస్ రిలీజ్ ఇంటర్నెట్ వైర్ అనే సర్వీసు ద్వారా బయటికొచ్చింది. సీఈఓ రాజీనామా చేశారని, ఫలితాలు సవరిస్తున్నారని అందులో ఉంది. పంపింది ఆ వైర్ సర్వీసు మాజీ ఉద్యోగి. వార్తా సంస్థలు దాన్ని నిజమనుకుని ఇచ్చేశాయి. గంటలోపే షేరు ధర దాదాపు 60 శాతం పడిపోయింది. నిజం తెలిసేసరికి భయపడి అమ్ముకున్నవాళ్ల డబ్బు పోయింది. ఆ వ్యక్తి జైలుకెళ్లాడు. అందుకే మంచి సర్వీసులు కంపెనీ డొమైన్ ఉన్న ఈమెయిల్, అధీకృత వ్యక్తి అనుమతి అడుగుతాయి. ఏమీ అడగకుండా డబ్బు ఒక్కటే అడిగే సర్వీసు, రేపు మీ పేరుతో వేరొకరు డబ్బు కట్టినా వేసేస్తుంది.

మోసాలు ఇలా ఉంటాయి

'మీకు ఉత్తమ వ్యాపారవేత్త అవార్డు వచ్చింది, కవరేజీ ప్యాకేజీకి ఇంత కట్టండి' అంటే అది అవార్డు కాదు, అమ్మకం. పేరున్న పత్రిక విలేకరినంటూ వ్యక్తిగత యూపీఐ ఐడీకి డబ్బు పంపమంటే ఆపండి. ఆ సంస్థ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి. బిల్లు ఇవ్వనివాళ్లకు అడ్వాన్సు ఇవ్వొద్దు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

లింకుల సంఖ్య లెక్క కాదు. పంపే ముందే ఒక లక్ష్యం రాసుకోండి: డీలర్ల నుంచి ఫోన్లా, షాపుకు జనమా, విలేకరుల ఇంటర్వ్యూలా? ప్రకటనలో ఇచ్చే వెబ్ లింకుకు ట్రాకింగ్ కోడ్ జోడిస్తే అక్కడి నుంచి ఎంతమంది వచ్చారో అనలిటిక్స్‌లో కనిపిస్తుంది. ప్రకటన కోసం వేరే ఫోన్ నంబరు ఇస్తే వచ్చిన కాల్స్ తెలుస్తాయి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ పేరుతో వెతికినవాళ్లు పెరిగారా చూడొచ్చు. కొత్త కస్టమర్‌ను 'మా గురించి ఎక్కడ చూశారు?' అని అడగడం అన్నింటికన్నా తేలిక. నెల తర్వాత ఈ అంకెలు చూస్తే మళ్లీ డబ్బు పెట్టాలా వద్దా తేలిపోతుంది.

చదివేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది

మనలో వ్యాపారం చేసేవాళ్లు కొందరే. ఫోన్‌లో ఇలాంటి పేజీలు చదివేవాళ్లం మాత్రం అందరం. ప్లాటు కొనే ముందు, మందు వాడే ముందు, కోర్సుకు ఫీజు కట్టే ముందు గూగుల్‌లో వెతికి 'ఫలానా సైట్‌లో వచ్చింది కదా' అని నమ్మేస్తాం. ఆ పేజీ కిందికి చివరిదాకా వెళ్లి చూడండి. విలేకరి పేరు ఉందా? 'స్పాన్సర్డ్' అనో, 'ఇందులోని విషయాలకు మేం బాధ్యులం కాదు' అనో చిన్న అక్షరాల్లో ఉందా? అవే వాక్యాలు ఇంకో నాలుగు సైట్లలో అక్షరం మారకుండా ఉన్నాయా? ఉంటే అది కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న మాట. అబద్ధమే కానక్కర్లేదు, కానీ ఎవరూ తనిఖీ చేయలేదు.

ప్లాటు అయితే రెరా వెబ్‌సైట్‌లో నంబరు సరిచూసుకోండి. తప్పుడు ప్రకటన నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోతే రెరా చట్టం 12వ సెక్షన్ కింద పరిహారం, వడ్డీతో డబ్బు వాపసు అడిగే హక్కు ఉంది. ఇతర వస్తువులు, సేవల విషయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

వ్యాపారం చేసేవాళ్లకు కూడా ఇదే కొలత. మీ ప్రకటనను ఇంత అనుమానంగా చదివే మనిషి కూడా చివరికి 'సరే, ఇందులో విషయం ఉంది' అనుకునేలా ఉంటే, అది ఒక్క విలేకరికి ఉచితంగా పంపినా పనిచేస్తుంది. అలా లేకపోతే 250 సైట్లలో వేయించినా ఎక్సెల్ షీట్ ఒక్కటే మిగులుతుంది.